కార్చిచ్చు బాధితులకు అడిగి ఇవ్వండి, పిల్లలకు అడిగింది చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారం.

వచ్చే జనవరి 7కి, అంటే 2026 జనవరి 7కి, లాస్ ఏంజిలస్ కార్చిచ్చుకు ఏడాది నిండుతుంది. ఆ రోజు పత్రికల్లో, టీవీల్లో, అందరి ఫోన్లలో ఆ మంటల ఫొటోలు మళ్లీ వస్తాయి. అవి వేసే ముందు ఈ ఉత్తరం ఒకసారి చదవమని మనవి. కాస్త పెద్దదే. వీలైతే కుదించకుండా వేయండి.

మాది కోనసీమ, అమలాపురం దగ్గర పల్లెటూరు. పెళ్లయినప్పటి నుంచీ కాలిఫోర్నియాలోనే ఉంటున్నాం. ఇప్పుడుంటున్నది లాస్ ఏంజిలస్ కౌంటీలోని మన్రోవియాలో. ఇక్కడికి దగ్గర్లోని ఒక ప్రాథమిక పాఠశాలలో చిన్నపిల్లల తరగతిలో టీచరుకు తోడుగా పనిచేస్తాను. కాలిపోయిన ఆల్టడీనా ఊరు మాకు పడమర దిక్కున, మా ఇంటి వెనక కనిపించే కొండల వరస కిందే ఉంది. మా తరగతి పిల్లల్లో కొందరి ఇళ్లు ఆ రాత్రే బుగ్గయ్యాయి. వాళ్లను రోజూ దగ్గర నుంచి చూసినదాన్ని కాబట్టే రాస్తున్నాను.

ముందు జరిగింది చెప్పాలి. ఎందుకంటే మన వాళ్లలో చాలామందికి 'హాలీవుడ్ తారల బంగళాలు కాలిపోయాయి' అన్న ఒక్క ముక్కే గుర్తుండిపోయింది. 2025 జనవరి 7 పొద్దున పది గంటలు దాటాక సముద్రం ఒడ్డున పసిఫిక్ పాలిసేడ్స్‌లో మొదటి మంట లేచింది. అదే సాయంత్రం ఆరు దాటాక ఇటువైపు ఈటన్ లోయలో రెండోది. దానికి ముందు రెండు శీతాకాలాలు వానలు బాగా పడి కొండల మీద పొదలు ఏపుగా పెరిగాయి. ఆ తర్వాత 2024 మే నుంచి చెప్పుకోదగ్గ వాన లేదు. పెరిగిందంతా ఎండి వంటచెరుకైపోయింది. దాని మీదికి ఎడారి వైపు నుంచి శాంటా ఆనా గాలులు వచ్చాయి. గంటకు 130 కిలోమీటర్లు దాటిన గాలి అది. నిప్పురవ్వలు వీధులు దాటి ఎగిరి పడ్డాయి. ఆ రాత్రి నీళ్లు చల్లే హెలికాప్టర్లు కూడా పైకి లేవలేకపోయాయి. రెండు మంటలూ పూర్తిగా అదుపులోకి వచ్చేసరికి జనవరి 31 అయింది. 16 వేలకు పైగా కట్టడాలు పోయాయి. 31 మంది చనిపోయారు.

ఆ 31 మందిలో 19 మంది ఆల్టడీనా వైపు వాళ్లు. అది తారల ఊరు కాదు. టీచర్లు, నర్సులు, బస్సు డ్రైవర్లు, రిటైరైన పెద్దవాళ్లు ఉండే ఊరు. వేరే చోట్ల నల్లజాతి వాళ్లకు ఇళ్లు అమ్మని రోజుల్లో, పొదుపు చేసుకున్న డబ్బుతో ఇక్కడ పడమటి భాగంలో ఇళ్లు కొనుక్కున్న కుటుంబాలున్నాయి. తాతలు కొన్న ఇంట్లో మనవలు పెరుగుతున్నారు. ఊరికి నడుమ లేక్ అవెన్యూ అనే పెద్ద రోడ్డుంది. దానికి తూర్పున ఉన్నవాళ్లకు ఖాళీ చేయమని సాయంత్రమే ఆదేశం వచ్చింది. పడమటి వాళ్లకు వచ్చేసరికి తెల్లవారుజామున మూడు దాటింది. ఆ 19 మందిలో ఒక్కరు తప్ప అందరూ ఆ పడమటి వాళ్లే. ఎక్కువ మంది వయసు మళ్లినవాళ్లు, కొందరు లేచి నడవలేనివాళ్లు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

ఆ వారంలోనే నా ఫోన్‌కి మన వాళ్ల గ్రూపుల్లో రెండు రకాల మెసేజ్‌లు వచ్చి పడ్డాయి. ఒకటి, కొండ మీది హాలీవుడ్ అక్షరాలు తగలబడుతున్న ఫొటో. అది కంప్యూటర్‌తో తయారుచేసిన అబద్ధపు బొమ్మ. ఆ అక్షరాలకు ఏమీ కాలేదు. రెండోది, 'పాపం పండింది, దేవుడు శిక్షించాడు' అన్న మాట. పంపినవాళ్లు చెడ్డవాళ్లు కారు, పండగలకు పలకరించుకునే చుట్టాలే. కానీ ఆ ఫోన్ పక్కన కూర్చుని ఒక ఆరేళ్ల పిల్ల చూస్తుందని, ఇల్లు కాలినవాళ్లంతా తప్పు చేసినవాళ్లని అనుకుంటుందని వాళ్లకు తట్టలేదు. మా తరగతిలో ఇల్లు పోయిన ఒక పాప టీచరును మెల్లగా అడిగిన ప్రశ్న ఇది: "నేను ఆ రోజు అమ్మ మాట వినలేదు. అందుకేనా?" చిన్నపిల్లలు ఇలాగే అనుకుంటారు. ఇంట్లో ఏ కీడు జరిగినా దానికి కారణం తామేనని ఒక భయం వాళ్ల మనసులో ఉంటుంది. టీచరు ఆ పాపను ఒళ్లోకి తీసుకుని, "కాదు. గాలి వల్ల, ఎండిన పొదల వల్ల. నీ వల్ల కాదు, అమ్మ వల్ల కాదు" అని చెప్పింది. ఆ పాప అదే ప్రశ్న చాలాసార్లు అడిగింది. అడిగినప్పుడల్లా అదే జవాబు, అంతే నెమ్మదిగా. విసుక్కోకుండా అదే మాట చెప్పడం ఎంత పెద్ద పనో అప్పుడు చూశాను.

పిల్లలకు టీవీ చూపించవద్దని డాక్టర్లు ఊరికే అనరు. పెద్దవాళ్లం మనకు తెలుసు, ఒకే క్లిప్పింగును ముప్పైసార్లు వేస్తున్నారని. ఐదారేళ్ల పిల్లలకు అలా తెలియదు. ప్రతిసారీ ఇంకో ఇల్లు కాలుతోందని అనుకుంటారు. పాత వీడియో, కొత్త వీడియో అన్న తేడా వాళ్లకు ఉండదు. మాకు తెలిసిన ఒక తెలుగు ఇంట్లో మంట తమకు ఎంతో దూరంలో ఉన్నా పిల్లాడు రాత్రిళ్లు పక్క తడపడం మొదలుపెట్టాడు. ఆరా తీస్తే, ఊరి నుంచి వచ్చిన తాతగారు హాల్లో పొద్దస్తమానం వార్తలు పెట్టుకుంటున్నారు. ఆయనకూ కంగారే పాపం, దేశం కాని దేశంలో. టీవీ కట్టేసి, రోజుకు ఒకసారి కోడలే ఫోన్లో చూసి ఆయనకు సంగతి చెప్పడం మొదలుపెట్టాక పిల్లాడు కుదుటపడ్డాడు. పక్క తడపడం, కడుపునొప్పి అనడం, అమ్మ కొంగు వదలకపోవడం, ఎప్పుడో మానేసిన వేలు మళ్లీ నోట్లో పెట్టుకోవడం, ఇవన్నీ భయం పైకి వచ్చే దారులే. కొట్టి మాన్పించేవి కావు. 'మగపిల్లాడివి, ఏడుస్తావేంటి' అంటే ఏడుపు ఆగుతుందేమో గానీ భయం లోపలే ఉండిపోతుంది.

ఇక నిజం ఎంత చెప్పాలి అన్నది. జనవరి 8న మా ఊరి పై భాగానికి సిద్ధంగా ఉండమన్న హెచ్చరిక వచ్చింది. ఆకాశం నారింజ రంగులో ఉంది. కారు అద్దం మీద బూడిద పడుతోంది. మా వాడికి అప్పుడు ఏడేళ్లు. "మన ఇంటికి కూడా వస్తుందా?" అన్నాడు. 'రానే రాదు' అనేయడం తేలిక. మా ఆయన ఆ మాట అనలేదు. వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక కాగితం మీద కొండలు గీసి, మంట ఉన్న చోట ఒక చుక్క, మా ఇల్లు ఉన్న చోట ఒక చుక్క పెట్టాడు. "రావచ్చు. ఇప్పుడైతే ఇంత దూరంలో ఉంది. దగ్గరికొస్తే ముందే ఫోన్ మోగుతుంది. మోగితే మనం కారెక్కి ఫలానా మామయ్యగారింటికి వెళ్తాం. నువ్వు ఈ సీట్లో కూర్చుంటావు, నీ సంచి నీ కాళ్ల దగ్గర ఉంటుంది" అన్నాడు. వాడు కాసేపు ఆలోచించి ఒకే ఒక మాట అడిగాడు: "తాబేలు?" చేత్తో పట్టుకునే చిన్న బొమ్మ తాబేలు అది. సంచిలో పెట్టుకోమన్నాం. ఆ రాత్రి వాడు నిద్రపోయాడు. మాకే పట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఇంకో కష్టం వచ్చింది. ఎక్కడో దూరాన పుట్టిన ఇంకో మంట కోసం అక్కడి వాళ్లకు పంపాల్సిన హెచ్చరిక, పొరపాటున కౌంటీలో దాదాపు కోటి మంది ఫోన్లకు వెళ్లిపోయింది. ఒక్కసారిగా ఇంట్లో ఫోన్లన్నీ ఆ సైరన్ మోతతో అరిచాయి. తర్వాత 'అది మీకు కాదు' అన్నారు. పెద్దవాళ్లు తిట్టుకుని ఊరుకున్నారు. పిల్లలకు మాత్రం ఆ మోత చెవుల్లో ఉండిపోయింది. ఇప్పటికీ మా తరగతిలో ఎవరి ఫోనైనా అలాంటి శబ్దం చేస్తే ఇద్దరు ముగ్గురు తలుపు వైపు చూస్తారు. అందుకే మా టీచరు అలారం ఎలా మోగుతుందో, ఎవరు మోగిస్తారో, ఎప్పుడెప్పుడు తప్పు మోగవచ్చో వాళ్లకు తీరిగ్గా చెప్పింది. పెద్దవాళ్ల వల్ల కూడా పొరపాట్లు జరుగుతాయని, సరిచేసుకుంటారని పిల్లలకు చెప్పడంలో తప్పేమీ లేదు.

స్కూళ్లు మళ్లీ తెరిచాక చూసిన ఒక ఆట గురించి చెప్తాను. ఇల్లు పోయిన ఒక బాబు చెక్క దిమ్మెలతో ఇల్లు కట్టేవాడు. కట్టడం అయిపోగానే "ఫైర్!" అని అరిచి చేత్తో తోసేసేవాడు. మళ్లీ కట్టేవాడు. మళ్లీ తోసేసేవాడు. పొద్దున్నుంచీ అదే. నాకు చూడలేక, బొమ్మలు మార్చేద్దామా అని టీచరును అడిగాను. వద్దంది. ఆమె వెళ్లి వాడి పక్కన నేల మీద కూర్చుంది. ఇల్లు పడగానే, "లోపలున్నవాళ్లు ఎక్కడికెళ్లారు?" అని అడిగింది. వాడు తల ఎత్తలేదు. "కారులో" అన్నాడు. "కారు ఎక్కడికెళ్లింది?" జవాబు లేదు. మర్నాడు మళ్లీ అదే ప్రశ్న. "ఆంటీ ఇంటికి." అయితే ఆంటీ ఇల్లు ఎక్కడుందో చూపించమంది. వాడు చుట్టూ చూసి, గది మూలనున్న చిన్న చాప తెచ్చి పరిచాడు. బొమ్మ కారును దాని మీదికి నడిపించాడు. ఆ తర్వాత కూడా ఇల్లు పడుతూనే ఉంది. కానీ ప్రతిసారీ కారు బయల్దేరి చాప దగ్గరికి చేరేది. కొన్నాళ్లకు ఫైరింజన్ వచ్చింది, కుక్క వచ్చింది, చాప మీద భోజనాలు మొదలయ్యాయి. ఏ ఉపన్యాసమూ చేయలేని పని అది. పిల్లల ఆటను ఆపకండి, పక్కన కూర్చోండి అని చెప్పడానికే ఇంత రాశాను.

మంటలు లేచింది భోగికి ముందు వారంలో. ఆ ఏడాది భోగి జనవరి 13న. ఇక్కడ గాలిలో ఇంకా పొగ ఉంది. మా చుట్టుపక్కల తెలుగు వాళ్లెవరూ భోగి మంట వేయలేదు, ఒక ప్రమిద వెలిగించి ఊరుకున్నాం. మా అమ్మ మాత్రం అలవాటు ప్రకారం అక్కడి వేకువలో వీడియో కాల్ చేసి మా వీధి భోగి మంటను మనవడికి చూపించింది. వాడు ఫోన్ చేత్తో మూసేసి, "అమ్మమ్మా, ఆర్పేయండి, గాలి వస్తుంది" అని ఏడుపు. మా అమ్మ గొప్పతనం, నవ్వలేదు. చీపుళ్లు, పాత తట్టలు, తాటాకులు కాల్చే ఆ మంట చుట్టూ ఎవరెవరు నిలబడ్డారో ఒక్కొక్కళ్లనే చూపించింది. పక్కన రెండు బిందెల నీళ్లు చూపించింది. "ఇది మనం పిలిస్తే వచ్చిన మంట నాన్నా, పొమ్మంటే పోతుంది. అక్కడ మీకొచ్చింది పిలవకుండా వచ్చింది" అంది. మంట ఆరి, బూడిద మీద నీళ్లు చల్లేదాకా ఫోన్ పట్టుకునే ఉంది. దీనికి ఏ పుస్తకం చదవలేదు ఆవిడ.

బహుశా ఆవిడకు అది 1996లో వచ్చిన తెలివి. ఆ ఏడాది నవంబర్ 6 రాత్రి కోనసీమ తుపానులో మా ఊళ్లో కొబ్బరిచెట్లు నిలువునా విరిగిపడ్డాయి. అప్పుడు నేను హైస్కూల్లో చదువుతున్నాను. తెల్లారేసరికి ఊరు ఊరులా లేదు. అప్పట్లో పిల్లల మనసు గురించి మాట్లాడేవాళ్లెవరు? కానీ మా నాయనమ్మ పిల్లలందరికీ తలో పని పురమాయించింది. రాలిన కాయలు ఏరడం, బావి దగ్గరికి దారి చేయడం, పక్కింటి ముసలాయనకు గంజి పట్టుకెళ్లడం. చేతిలో పని ఉన్న పిల్లలం తిరిగాం, తిన్నాం, పడుకున్నాం. ఇక్కడి మనస్తత్వ నిపుణులు ఈరోజు చెప్పే మాట కూడా అదే: రోజువారీ అలవాట్లు వెంటనే మొదలుపెట్టండి, పిల్లల చేతికి వాళ్ల వయసుకు తగిన నిజమైన పని ఇవ్వండి. ఉత్తుత్తి పని కాదు, నిజంగా ఎవరికైనా అవసరపడే పని. ఒక్క జాగ్రత్త. ఇల్లు కాలిన చోట బూడిదలో సీసం, ఆస్‌బెస్టాస్ లాంటి విషాలు ఉంటాయి. పిల్లలను అక్కడికి తీసుకెళ్లి వెతికించకూడదు, తుడిపించకూడదు.

ఇప్పుడు సాయం సంగతి. మంట లేచిన రెండు మూడు రోజులకే శాంటా అనీటా గుర్రప్పందేల మైదానం పార్కింగ్ స్థలం పెద్ద సహాయ కేంద్రమైపోయింది. ఎక్కడెక్కడి నుంచో కార్లు బారులు తీరాయి. ఆ మంచితనాన్ని నేను తక్కువ చేయను, కళ్లు చెమర్చాయి. కానీ మూటలు విప్పుతూ నేను చూసినవి: ఉతకని బట్టలు, జిప్పు పోయిన కోట్లు, జత లేని బూట్లు, ఎవరో అటక మీద నుంచి దించిన పెళ్లి గౌను. వాటిని ఏరి, మడిచి, పారేయడానికే బోలెడు మంది కావాల్సి వచ్చింది. అదే సమయంలో కట్టుబట్టలతో బయటపడినవాళ్లు అడుగుతున్నవి వేరు. కొత్త లోదుస్తులు, సాక్సులు, ఫోన్ ఛార్జర్లు, కళ్లజోడు, బీపీ మాత్రలు, ఆడపిల్లలకు నెలసరి సామాను, ఉంగరాల జుట్టుకు సరిపడే నూనె, షాంపూ. ఆ చివరివి మనకు చిన్నవిగా కనిపిస్తాయి. ఆల్టడీనాలోనే చదువుకునే ఒక పద్నాలుగేళ్ల అమ్మాయి, తన స్కూలు కూడా కాలిపోయినా, తన ఈడు పిల్లలకు ఇలాంటివి ఎవరూ ఇవ్వడం లేదని గమనించి వాటి కోసమే ఒక ప్రయత్నం మొదలుపెట్టింది. 'ఆల్టడీనా గర్ల్స్' పేరుతో అది దేశమంతా తెలిసింది. పిల్లలే పిల్లల అవసరం కనిపెట్టారు.

మా స్నేహితులు కొందరు ప్రేమగా గుండిగెడు పులిహోర కలిపి ఒక శిబిరానికి పట్టుకెళ్లారు. గేటు దగ్గర దండం పెట్టి తిప్పి పంపారు. ఇంట్లో వండినది శిబిరాల్లో పెట్టనివ్వరు, ఆరోగ్య నిబంధనలు ఒప్పుకోవు. అందులో చిన్నబుచ్చుకోవాల్సింది లేదు. ఆ గుండిగ వీధి చివర ఇంట్లో, రెండు కుటుంబాలకు చోటిచ్చి వండలేక చేతులెత్తేసిన ఒక ఇల్లాలి దగ్గరికి వెళ్లింది. అక్కడ అది ప్రాణం పోసింది. అందుకే నేను పదేపదే చెప్పేది ఒకటే: ముందు అడగండి. ఏమీ తెలియకపోతే డబ్బు ఇవ్వండి, లేదా దుకాణాల గిఫ్ట్ కార్డు ఇవ్వండి. డబ్బు ఇవ్వడం మొరటుగా ఉంటుందని మన వాళ్లు మొహమాటపడతారు. కానీ ఎప్పుడు ఏం కావాలో ఎంచుకునే హక్కు మనిషికి మిగిలేది దానితోనే.

డబ్బు ఖర్చు లేని సాయం కూడా ఉంది, దాన్ని ఎవరూ గుర్తుంచుకోరు. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లకు కూడా పరిహారం ఊరికే రాలేదు. ఇంట్లో ఏమేం పోయాయో జాబితా రాయమన్నారు. వస్తువు, ఎప్పుడు కొన్నారు, ఎంతకు కొన్నారు. నాతో పనిచేసే ఒకావిడ, ఇల్లు మొత్తం పోయినావిడ, మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఈ పని చేసింది. ఆమె చెప్తుంటే నేను టైపు చేశాను. హాలు అయింది. పడకగది అయింది. వంటింటికి వచ్చేసరికి మాట ఆగిపోయింది. పొయ్యి పక్క సొరుగులో ఏముండేవో గుర్తు రావడం లేదు. పక్కన బొమ్మలేసుకుంటున్న ఆమె కూతురు తలెత్తకుండానే, "నిమ్మకాయ పిండేది, పచ్చ రంగు గరిటె, బ్యాటరీలు, నా పుట్టినరోజు కొవ్వొత్తులు" అంది. తర్వాత ఫ్రిజ్ మీది అయస్కాంతాలు ఏవేవో, ఏ ఊళ్లో కొన్నవో వరసగా చెప్పింది. తల్లి నవ్వుతూ ఏడ్చింది. ఆ పిల్ల ఆ సాయంత్రం గది గదీ తిరిగి ఇల్లంతా మాకు రాయించింది. వాళ్ల పిల్లి సంగతి వచ్చినప్పుడు మాత్రం ఆగింది. తల్లి, "ఇంకా దొరకలేదమ్మా, వెతుకుతున్నాం" అని ఉన్నదే చెప్పింది. పాసడీనా హ్యూమేన్ అనే జంతు సంరక్షణ కేంద్రం ఆ రోజుల్లో వందల జంతువులను చేర్చుకుంది, అక్కడ కూడా అడిగాం. పిల్లి దొరకలేదు. కానీ దాని గురించి ఆ పిల్లకు అబద్ధం ఎవరూ చెప్పలేదు కాబట్టి, మిగతా విషయాల్లో తల్లి మాట నమ్మింది.

ఇక అద్దెలు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగినట్టు, వేల కుటుంబాలు ఒక్కసారిగా ఇళ్లు వెతుక్కుంటుంటే కొందరు అద్దెలు అమాంతం పెంచేశారు. అత్యవసర పరిస్థితి ప్రకటించాక ధరలు పది శాతానికి మించి పెంచకూడదని కాలిఫోర్నియా చట్టం చెప్తుంది. మనవాళ్లలో ఇక్కడ ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఇది తెలియాలి.

ఇక్కడి తెలుగు కుటుంబాలకు ప్రత్యేకంగా చెప్పాల్సినది ఇంకొకటి ఉంది, మీ పత్రిక ఇక్కడా చదువుతారు కాబట్టి. హెచ్-1బి మీదో, స్టూడెంట్ వీసా మీదో ఉన్నవాళ్లకు ఫెమా, అంటే విపత్తుల్లో ఆదుకునే ఇక్కడి కేంద్ర ప్రభుత్వ సంస్థ, ఇచ్చే నగదు సాయం రాదు. పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు, మరికొన్ని కోవల వాళ్లకే వస్తుంది. అది విని చాలామంది అసలు దరఖాస్తే పెట్టరు. కానీ ఇంట్లో ఇక్కడ పుట్టిన బిడ్డ ఉంటే, ఆ బిడ్డ పేరు మీద తల్లిదండ్రులు దరఖాస్తు పెట్టవచ్చు. శిబిరంలో చోటు, అత్యవసర భోజనం, మనోవేదనకు కౌన్సెలింగ్ లాంటివాటికి వీసా అడగరు. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు నెలకు కొద్ది డాలర్లు పెట్టి రెంటర్స్ ఇన్సూరెన్స్ తీసుకోండి. ఇంటి యజమాని ఇన్సూరెన్స్ మీ సామానుకు, మీ హోటల్ ఖర్చుకు పనికిరాదు. పాస్‌పోర్టులు, వీసా ఆమోదం తెలిపే ఐ-797 కాగితాలు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు ఫొటోలు తీసి ఊళ్లో అమ్మానాన్నల ఫోన్లో కూడా పెట్టండి.

అన్నిటికన్నా ముఖ్యం, సాయం మొదటి వారంతో అయిపోకూడదు. జనవరిలో అన్నం పెట్టడానికి క్యూ కట్టిన జనం మార్చికి కనిపించలేదు. శిథిలాలు చాలావరకు తీసేసేసరికే వేసవి గడిచిపోయింది. కొన్ని ఇన్సూరెన్స్ కంపెనీలు 2024లోనే ఆ ప్రాంతాల్లో పాలసీలు కొనసాగించడం మానేశాయి. అలా పాలసీ పోయినవాళ్లు ఇంకా తేరుకోలేదు. కొందరు పిల్లలు అప్పటి నుంచి ఇళ్లు మారుతూ, స్కూళ్లు మారుతూనే ఉన్నారు. పాలిసేడ్స్‌లో రెండు ప్రాథమిక పాఠశాలలు కాలిపోతే ఆ పిల్లలను వేరే స్కూళ్లలో సర్దారు. ఇప్పుడు, ఈ 2025 డిసెంబర్‌లో, మళ్లీ శాంటా ఆనా గాలులు మొదలయ్యాయి. కిటికీ తలుపు కొట్టుకుంటే మా తరగతిలో మాట ఆగిపోతుంది. ఏడాది తిరిగే రోజుల్లో భయం మళ్లీ లేస్తుందని మాకు ముందే చెప్పారు. అవసరమైన సాయం ఇప్పుడు కావాలి.

ఈ ఏడాది (2025) అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటినప్పుడు మా అన్నయ్య కూతురు అమలాపురం నుంచి వీడియో కాల్ చేసింది. ఐదో తరగతి చదువుతోంది. "అత్తా, మన ఇల్లు కొట్టుకుపోతుందా?" అంది. వెనకాల టీవీలో ఎప్పటివో అలల వీడియోలు, వాటి మీద సంగీతం. అన్నయ్యను ముందు టీవీ కట్టేయమన్నాను. తర్వాత అది, నేనూ కలిసి దాని సంచి సర్దాం. ఫోన్లోనే, ఒక్కొక్క వస్తువూ.

మీకు నా మనవి ఇంతే. తుపానో, బుడమేరు లాంటి వరదో, కార్చిచ్చో వచ్చినప్పుడు మీరు మొదటి పేజీలో ఫొటో వేస్తారు, వేయాలి. దాని పక్కనే పిల్లల తల్లిదండ్రుల కోసం నాలుగు వాక్యాల చిన్న పెట్టె కూడా వేయండి. టీవీ కట్టేయమని, పిల్లలు ఏం విన్నారో ముందు వాళ్లనే అడగమని, ఉన్నది చిన్న మాటల్లో చెప్పమని రాయండి. మనసు బాగాలేకపోతే 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ వాళ్లు ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారని కూడా రాయండి. మీ విలేకరులు శిబిరాలకు వెళ్లినప్పుడు ఏడుస్తున్న పిల్లల మొహం మీద కెమెరా పెట్టవద్దని చెప్పండి. ఏ శిబిరంలో ఏ వస్తువు కావాలో, ఏది ఇక వద్దో రోజూ వేయండి.

జనవరి 7న మా ఊళ్ల గురించి రాసేటప్పుడు పాత మంటల ఫొటో ఒక్కటే వేయకండి. ఆల్టడీనాలో ఖాళీ స్థలాల మధ్య ఇప్పుడు కొత్త ఇళ్లకు చెక్క చట్రాలు లేస్తున్నాయి, 'ఆల్టడీనా అమ్మకానికి లేదు' అన్న బోర్డులు ముందు పెట్టుకుని మరీ కట్టుకుంటున్నారు. ఆ ఫొటోలు కావాలంటే నేనే తీసి పంపుతాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
మన్రోవియా, కాలిఫోర్నియా
(స్వస్థలం: అమలాపురం మండలం, కోనసీమ)